ఆదివారపు జంటవాద్యానికి ఒకే శ్రోత

మా లాహేవ్ నది ఒడ్డున ఓర్లండ్ జింక్ అంటే రంపపు మిల్లు ఓర్లండే. చదువు మానిన వయసు నుంచి పదవీ విరమణ దాకా ఆ పెద్ద రంపం పక్కనే నిలబడ్డాడు. సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. కానీ ఆయనలా వినేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఆయన భార్య వెర్నా రికార్డర్ ఊదేది. నిలువుగా పట్టి ఊదే సన్నని కొయ్య పిల్లనగ్రోవి అది. పక్కింట్లో ఉండే నేను గిటారు వాయించేవాణ్ణి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చేపల సూపు తాగి, వాళ్ళ వంటింట్లోనే పాత యుగళాలు సాధన చేసేవాళ్ళం. ఓర్లండ్ పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

"ఏమయ్యా డగల్, ఆ నెమ్మది ముక్కలో ఆవిడ ఊపిరి తీసుకునేదాకా ఆగలేవూ? బస్సేమైనా తప్పిపోతోందా నీకు?" అనేవాడు. తప్పు నాదే అయివుండేది.

కొన్నేళ్ళకు ఆయన కళ్ళు మూసుకోవడం మానేశాడు. వెర్నా వేళ్ళనే చూస్తూ కూర్చునేవాడు. ముసలితనంలో ప్రేమ ముదిరిందని నేను ఏడిపించేవాణ్ణి.

ఒక జనవరి ఆదివారం, ముక్క సగంలో ఉండగా పిల్లనగ్రోవిలో ఊపిరి తేమ చేరి దాని గొంతు పూడుకుపోయింది. గాలి తప్ప స్వరం రావడం లేదు. నన్ను ఆపడం ఇష్టంలేక వెర్నా వేళ్ళు మాత్రం కదుపుతూ చివరిదాకా వచ్చింది. నా గిటారు ఒక్కటే మోగింది.

"ఇవాళ చాలా బాగా ఊదావు వెర్నా," అన్నాడు ఓర్లండ్.

ఆవిడ పిల్లనగ్రోవిని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఆయనకు ఎదురుగా వెళ్ళి నిలబడి, గట్టిగా అడిగింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏది?"

"నా ఊదుడు నీకు వినబడక."

ఓర్లండ్ పొయ్యి వైపు చూశాడు. "ముందు పై స్వరాలు పోయాయి. తర్వాత ఒక్కొక్కటే... రంపం తినేసింది. మాటలు పర్వాలేదు, గిటారు పర్వాలేదు. నువ్వే వినబడవు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావు."

"అంటే ఇన్నాళ్ళూ నేను ఊదుతుంటే, నువ్వు వీడి గిటారు వింటూ కూర్చున్నావా?"

"నీ మొహం చూస్తూ కూర్చున్నా."

ఆ మాటకు ఇంకెవరైనా మెత్తబడేవాళ్ళేమో. వెర్నా మెత్తబడలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ చలికాలమంతా నన్ను పిలవలేదు. చెవి మిషను పెట్టించి చూశారు. అది పెట్టుకుంటే ఆవిడ ఊదుడు రేకు డబ్బా మీద మేకుతో గీసినట్టు ఉందన్నాడు ఓర్లండ్. తీసి సొరుగులో పడేశాడు.

మంచు కరిగాక ఆవిడ కబురు చేసింది. వెళ్ళేసరికి ఆవిడ చేతిలో మూర కన్నా పొడవైన పిల్లనగ్రోవి ఉంది. హాలిఫాక్స్‌లో ఎవరో వాయించడం మానేస్తే అడిగి తెచ్చుకుందట. దాని గొంతు బరువు, లోతు. రంధ్రాలు దూరం దూరంగా ఉండి, కీళ్ళనొప్పులతో వాచిన ఆవిడ వేళ్ళకు సులువుగా అందేవి కావు. అయినా ఆవిడ ముక్కలన్నిటినీ కింది స్థాయిలోకి మార్చి రాసుకుంది.

మొదటి వరుస పూర్తికాకముందే ఓర్లండ్ తల ఎత్తాడు.

"అది నువ్వేనా?" అన్నాడు.

ఆవిడ ఊదుతూనే తల ఊపింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెంపలు తడిసినా తుడుచుకోలేదు.

ఆ ఆదివారాలు రెండు చలికాలాలు నిలిచాయి. తర్వాత ఒకరోజు, ముక్క మధ్యలోనే చెయ్యి ఎత్తి మమ్మల్ని ఆపాడు. ఈసారి దాచలేదు.

"వెర్నా, నువ్వు మళ్ళీ వెళ్ళిపోతున్నావ్."

ఇంతకన్నా కిందికి దిగే వాద్యం ఆవిడ చేతులకు పట్టేది కాదు. అయినా మమ్మల్ని మానొద్దన్నాడు. కానీ చూస్తూ కూర్చోవడం ఆయనవల్ల కాలేదు. మేం మొదలుపెట్టగానే కోటు వేసుకుని షెడ్డులోకి వెళ్ళి కట్టెలు చీల్చేవాడు. కిటికీలోంచి గొడ్డలి లేవడం కనిపించేది. వెర్నా అటు వీపు పెట్టి ఊదేది.

మార్చిలో ఆ షెడ్డులోనే ఆయన గుండె ఆగిపోయింది. అప్పుడు వెర్నా బజారులో ఉంది. పడి ఉన్న ఆయన్ని ముందు నేనే చూశాను.

అంత్యక్రియలయ్యాక వచ్చిన ఆదివారం, ఏం చెయ్యాలో తోచక గిటారు పట్టుకుని వెళ్ళాను. వెర్నా టీ పోసింది. నేను గిటారు పెట్టె మూత తీయబోతుంటే, నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"వద్దు నాయనా. ఆయన చివరిదాకా విన్నది నిన్ను. నాకింకా కోపంగా ఉంది."

"నామీదా?"

"ఎవరిమీదో ఒకరి మీద ఉండాలి కదా," అంది.

నేను పెట్టెను గోడకు ఆనించాను. ఆవిడ రొట్టె కోసి, బెల్లంపాకం గిన్నె నా వైపు జరిపింది. ఈ ఏడు నదిలో గడ్డకట్టిన మంచు ఎప్పుడు విరుగుతుందో మాట్లాడుకున్నాం.