మారాణి మెడలో సింగపూరు పట్టీ

ఆ రోజుల్లో నా సింగపూరు చాలా చిన్నది. యూ టీ అనే పేటలో మా ఫ్లాటు, కింద కూరగాయల కొట్టు, అక్కణ్ణించి మా ఆయన ఆఫీసున్న జురాంగ్ ఈస్టు దాకా రైలు. అంతే. ఏడో తరగతితో చదువుకి దణ్ణం పెట్టి గేదెల వెనక పెరిగినదాన్ని, పెళ్ళి కాగానే తిన్నగా వచ్చి ఆ మేడ మీద పడ్డాను. కిటికీలోంచి చూస్తే ఎక్కడ చూసినా పచ్చగడ్డే, దాన్ని మేసే నోరు మాత్రం ఒక్కటీ లేదు. మిషనుతో కోసి సంచుల్లో కట్టి తీసుకుపోయేవాళ్ళు. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. ఎందుకంటే ఊళ్ళో నాకో గేదె ఉంది. పేరు మారాణి. పుట్టగానే తల్లి పోతే సీసాతో పాలు పట్టి పెంచుకున్నాను. నేనిటు వచ్చాక అది చూలు కట్టడమే మానేసింది. వేసవిలో కొన్ని గేదెలకి మూగ ఎద వస్తుంది. అరవవు, గెంతవు, ఎదకొచ్చిన సంగతి పక్క గేదెకి కూడా చెప్పవు. ఆ అదను దాటిపోతే చూలు కట్టించే సూది వేయించినా దండగే.

అన్నయ్యకి విసుగెత్తింది. "వట్టిపోయినదానికి తవుడెక్కడ తేను చెల్లాయ్? వానలు పడేలోగా కట్టకపోతే సంతకి తోలేస్తా," అన్నాడు ఫోనులో. "తోలావంటే నీ గుమ్మం తొక్కను," అన్నాను. "ఇప్పుడు రోజూ తొక్కుతున్నావా ఏంటి?" అన్నాడు. ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. మా ఆయన పనిచేసే చిన్న ఆఫీసులో అప్పుడే పశువుల మెడకి కట్టే పట్టీ ఒకటి తయారుచేస్తున్నారు. అందులో ఉన్న బుల్లి డబ్బీ గేదె ఎంత తిరిగింది, ఎంతసేపు నెమరేసింది, ఎక్కడుంది అన్నీ కనిపెట్టి ఫోనుకి పంపుతుందట. ఎదకొచ్చిన గేదె నోరు మెదపకపోయినా దాని కాలు నిలవదు, నెమరు తగ్గుతుంది. అది పట్టుకుని ఎర్ర గంట మోగిస్తుందట. పరీక్షకి కొన్ని గేదెలు కావాలన్నారని వినడమే ఆలస్యం, మారాణికి ఒక పట్టీ దక్కేదాకా మా ఆయన్ని ప్రశాంతంగా అన్నం తిననివ్వలేదు. అమ్మది మీటల ఫోను, అన్నయ్య "నాకు తీరిక లేదు పో" అన్నాడు. అందుకని గంట నా ఫోనుకే పెట్టించుకున్నాను. గేదె అక్కడ, గంట ఇక్కడ.

మొదటిసారి అది రైల్లో మోగింది. ఒళ్ళు తెలియలేదు నాకు. "అన్నయ్యా! మారాణి ఎదకొచ్చింది! పరిగెత్తు, సూది వేయించు!" అని పెట్టె దద్దరిల్లేలా అరిచాను. పక్కనున్న చైనీస్ అంకుల్ లేచి నాకు సీటిచ్చాడు (ఏమర్థమైందో ఏమో). ఎదురుగా కూర్చున్న మన తెలుగు కుర్రాడు మాత్రం తర్వాతి స్టేషన్లోనే దిగిపోయాడు. తీరా పశువుల డాక్టరొచ్చి చూసి, ఎదా లేదు గిదా లేదని తిట్టి వెళ్ళాడట. కొన్నాళ్ళకి మళ్ళీ మోగింది, మళ్ళీ అదే తిట్టు. ఆ తర్వాతసారి అన్నయ్య, "ఎదకొచ్చింది గేదె కాదే, నీ ఫోను. ముందు దానికి వేయించు సూది. వచ్చే సంతకి దీన్ని తోలుతున్నా," అని పెట్టేశాడు. పక్క ఫ్లాటులో ఉండే హైదరాబాదు ఆంటీ నా మొహం చూసి, "ఏం బేటా, మళ్ళ మోగిందా? నీ బర్రె మస్తు పరేషాన్ చేస్తున్నది గదా. ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు," అంది. చాయ్ తాగాను గానీ నిర్ణయం మాత్రం మారలేదు. సంత రోజు వచ్చేలోపు ఈ సంగతి తేలాలి.

ఆ ఆదివారం మా ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "అబద్ధమాడుతోంది మీ పట్టీయో మా గేదో తేల్చందే మీరు లేవడానికి లేదు," అన్నాను. ఆయన ఏదో మ్యాపు తెరిచి, కాసేపు గెడ్డం గోక్కుని, "మీ గేదె టౌనుకి వెళ్ళింది," అన్నారు.

"ఒక్కత్తేనా?" అన్నాను కంగారుగా.

"చాలా జోరుగా వెళ్ళింది. సినిమా హాలు దగ్గర ఆగింది. ఆట వదిలేదాకా కదల్లేదు. తర్వాత సెంటర్లో కాసేపు ఆగి, బజ్జీలు తినుంటుంది, ఇంటికొచ్చింది. నెమరు మాత్రం అస్సలు వెయ్యలేదు." గంట మోగిన ప్రతిసారీ ఇదే వరస.

వెంటనే అమ్మకి ఫోను చేశాను. "అమ్మా, పట్టీ విప్పుతున్నావా?"

"విప్పనా మరి? సింగపూరు పట్టీ అని ఊరు ఊరంతా వచ్చి చూస్తోంది. ఎదురింటిదాని కళ్ళు అసలే మంచివి కావు. వాళ్ళంతా పాలకొచ్చే వేళకి విప్పి, కొట్టంలో మీ అన్నయ్య బండి సంచిలో పడేస్తున్నా. గుర్తొచ్చినప్పుడు మళ్ళీ కడుతున్నాలే," అంది. (గుర్తొచ్చినప్పుడు!)

అన్నయ్య ఆ బండి మీద తవుడు మిల్లుకని చెప్పి వెళ్తున్నాడని వదిన నాతో ఎన్నోసార్లు అంది. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఫోను చేసి, "అన్నయ్యా, సినిమా బావుందా?" అన్నాను.

"ఏ సినిమా?"

"మారాణి చూసొచ్చిన సినిమా. నీ బండి మీదే వెళ్ళిందిగా. ఏదీ, వదిన్ని పిలు."

"ఒసే ఒసే, నీకు దణ్ణం పెడతానే!"

"అయితే సంత మాటెత్తకు. పట్టీ మెడ దిగకూడదు. గంట మోగితే డాక్టరు రావాలి."

దిష్టికి విరుగుడుగా అమ్మ ఆ పట్టీకే నల్లతాడు చుట్టి, గవ్వ కట్టింది. ఇక చూడండి, నేను ఫోను నడుముకి దోపుకుని వంట, ఫోను చేత్తో పట్టుకుని నిద్ర. రోజులు గడుస్తున్నాయి, అక్కడ మబ్బులు కమ్ముతున్నాయంటున్నారు, ఫోను మాత్రం ఉలకదు పలకదు. ఒక ఉదయం ఆంటీతో కూరగాయలు ఏరుతుంటే మోగింది. ఉన్నచోటే బెండకాయలు వదిలేశాను. "నిమ్మకు నీరెత్తినట్టు నిలబడుంది, దీనికి ఎదేంటే?" అన్నాడు అన్నయ్య. "మూగ ఎదంటే అదే. డాక్టర్ని పిలుస్తావా, వదిన్ని పిలవమంటావా?" అన్నాను. డాక్టరు తిట్టుకుంటూనే వచ్చాడట. చూసి, తిట్టడం ఆపి, సూది వేశాడట. వానలు పడ్డాయి. మారాణి కట్టింది. పెయ్యదూడ పుట్టిన రోజు అన్నయ్యే ఫోను చేసి, నేను రైల్లో అరిచినట్టే అరిచాడు. ఆంటీ సేమ్యా చేసి మా అంతస్తంతా పంచింది.

ఇప్పుడా పెయ్య కూతురి మెడలో కూడా పట్టీ ఉంది. గంట మాత్రం అన్నయ్య ఫోనుకి మార్పించుకున్నాడు. నెమరు లెక్కలు ఊళ్ళోవాళ్ళకి తనే పాఠం చెబుతున్నాడు. సినిమాకి వెళ్ళేముందు బండి సంచి దులుపుకుంటాడని వినికిడి. నేనిప్పుడు రైల్లో ఫోనొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడతాను. అయినా మా అమ్మాయి, "అమ్మా, సో లౌడ్ లా, అందరూ చూస్తున్నారు," అంటుంది. సరేనని ఫోను పెట్టేస్తాను. అప్పుడప్పుడు ఎవరి ఫోనో అచ్చం ఆ గంటలాగే మోగితే మాత్రం, చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోతుంది. అప్పట్లో నాలో ఉండి పెట్టె దద్దరిల్లేలా అరిచిన ఆ పిల్ల ఏ స్టేషన్లో దిగిపోయిందో, నాతో ఒక్క మాటైనా చెప్పలేదు.