ఏడో అంకె

ముప్పై ఎనిమిది కోట్ల పదహారు లక్షల యాభై నాలుగు వేల ఏడు వందల ఇరవై తొమ్మిది. 381654729. మా ఊరు నగరిలో లైబ్రరీలోని అట్ట ఊడిన లెక్కల పుస్తకంలో ఈ సంఖ్య దొరికింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఇందులో ఒక్కొక్కసారే వస్తాయి. మొదటి రెండంకెల సంఖ్య, ముప్పై ఎనిమిది, రెండుతో తెగుతుంది. మొదటి మూడంకెలది మూడుతో, నాలుగంకెలది నాలుగుతో, అట్లా మొత్తం తొమ్మిదంకెలదీ తొమ్మిదితో తెగుతుంది. ఎక్కడా శేషం మిగలదు. ఇట్లా కుదిరే సంఖ్య ఇంకొకటి లేదని పుస్తకం చెప్పింది. నేను ఊరికే నమ్మలేదు. సున్నా లేదు కాబట్టి నడిమధ్య ఐదే ఉండాలి, సరి స్థానాల్లో సరి అంకెలే ఉండాలి అని నాకు నేనే తేల్చుకుని, కుదరనివి కొట్టేసుకుంటూ పోతే చివరికి ఇదే నిలిచింది. పదో తరగతితో చదువు ఆపి మరమగ్గం ముందు నిలబడ్డవాడికి అది చిన్న సంగతి కాదు.

ఆ ధైర్యంతోనే తిరుపతిలో ఒక ట్యూషన్ సెంటరుకు పోయాను. ఆరో తరగతికి లెక్కలు చెప్పే మనిషి కావాలన్నారు. మగ్గాల హోరుకు నా ఎడమ చెవి అప్పటికే మందగించింది. ఈ పని దొరికితే రెండో చెవైనా దక్కుతుంది.

లోపల యజమాని, లెక్కల మాస్టరు ఇద్దరే ఉన్నారు.

"యాడ చదివినావప్పా?" అన్నాడు యజమాని.

"లైబ్రరీలో సార్."

"లైబ్రరీలో నేనూ పేపరు చదివినాను. డిగ్రీ యాడుండాది?"

మాస్టరు నవ్వాడు. నేను తెల్లబోర్డు మీద మార్కరుతో సంఖ్య రాసి, దాని గుణం చెప్పాను. ఆరు దాకా భాగించి చూపించాను. యజమాని ముందుకు వంగాడు.

"బాగుండాదే!"

ఆ మాట మాస్టరుకు రుచించలేదు. "నోరెండిపోతాండాదబ్బా నీకు. నీళ్లు తాగి చెయ్యి," అని మూలనున్న నీళ్ల క్యాను చూపించాడు. తాగి వచ్చి ఏడుతో మొదలుపెట్టాను.

మగ్గం దగ్గర డిజైన్‌లో ఏముంటే చేయి అదే చేస్తుంది. ఆలోచిస్తూ నిలబడితే గుడ్డ పాడవుతుంది. నా చేయి బోర్డు మీది అంకెల్ని అట్లాగే ఒక్కొక్కటే కిందికి దింపింది. చివర ఒకటి మిగిలింది. మళ్లీ చేశాను. మళ్లీ ఒకటే.

"శేషమే మిగలదంటివే?" అన్నాడు యజమాని.

"మిగిలింది ఈయనే సార్," అన్నాడు మాస్టరు. "నగరికి ఇప్పుడు బస్సుండాదా అబ్బా?"

"పుస్తకంలో సరిగ్గానే..."

"అట్లయితే పుస్తకాన్నే పంపించు, దానికిస్తా ఉద్యోగం," అన్నాడు యజమాని. "పిల్లకాయలొచ్చే టైమయింది. తుడిచిపో."

డస్టర్ ఎత్తాకే చూశాను. సంఖ్యలో రెండు ఒకట్లున్నాయి. నేను ఏడో స్థానంలో రాసిన 7కు తల లేదు. అడ్డగీత ఉండాల్సిన చోట నల్లటి మసక. వెనక్కి తిరిగాను. మాస్టరు చూపుడువేలి కొస నల్లగా ఉంది. దాన్ని దాచుకోను కూడా లేదు.

"సార్, ఏడు తలకాయ తుడిచేసినాడు. సూడండి."

యజమాని బోర్డు చూశాడు. మాస్టరు వేలు చూశాడు. నవ్వు ఆపుకున్నాడు.

"ఆరో తరగతోళ్లు ఇంతకన్నా కొంటెగా ఉంటారప్పా. నువ్వు రాసిన అంకె నీకే ఆనవాలు తెలీకపాయె. తుడువు, తుడువు."

గుమ్మం దగ్గర పిల్లలు చెప్పులు విడుస్తున్నారు. కుడి కొస నుంచి తుడుచుకుంటూ వచ్చాను. తొమ్మిది, రెండు, ఆ దొంగ ఒకటి. మిగిలిన ఆరంకెలూ ఆరుతో ఇంకా తెగుతూనే ఉన్నాయి. వాటినీ తుడిచి, డస్టర్ మాస్టరు చేతికిచ్చాను.