మేయరు గారి ముందు మా పెద్దనాన్న కేక

మొన్న చిలకలూరిపేట నుంచి బస్సులో వస్తుంటే మా ఊరి కార్పొరేషన్ ఆఫీసు మలుపులో ట్రాఫిక్ ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరు మనుషులు నిచ్చెనెక్కి పాత మేయరు గారి ఫ్లెక్సీ దించుతున్నారు. కొత్త మేయరు గారి ఫ్లెక్సీ కింద చాపచుట్టలా పడి ఉంది. డప్పులు, టపాసులు, బంతిపూల దండలు! ఆ హడావుడి చూస్తే ఈ వయసులోనూ నాకు కాలు నిలవదు. రెండు స్టాపుల ముందే దిగి, చేతిసంచీతో సహా జనంలో దూరిపోయాను. "ఏంటి మేడమ్, మీరూ దండేస్తారా?" అని ఎవరో అడిగారు కూడా. నాకు కావాల్సింది దండ కాదు నాయనా, కేక. అది మాత్రం ఎంతసేపు నిలబడ్డా వినపడలేదు.

ఆ కేక మా పెద్దనాన్నది. ఆయన మేయరు గారి దగ్గర బిళ్ళ బంట్రోతు. తెల్ల చొక్కా, భుజం మీదుగా ఎర్ర పట్టీ, దానికి అద్దంలా తోమిన ఇత్తడి బిళ్ళ. కౌన్సిల్ మీటింగు రోజున మేయరు గారికి నాలుగడుగులు ముందు నడిచి, హాలు గుమ్మంలో ఆగి, "గౌరవ మేయరు గారు విచ్చేస్తున్నారు!" అని కేక వేయడం ఆయన పని. ఆ కేకకి కార్పొరేటర్లు, కమిషనరు, పేపరువాళ్ళు, అందరూ లేచి నిలబడాల్సిందే. మైకంటే ఆయనకి చిన్నతనం. ఆదివారం చర్చిలో వాక్యం చదివితే, వెనక బెంచీల్లో కునికేవాళ్ళు ఉలిక్కిపడి, వాక్యం పూర్తి కాకుండానే "ఆమేన్" అనేసేవాళ్ళు. మీటింగుకి ముందు రోజు మా ఇంట్లో పచ్చడి నూరకూడదు, మిరపకాయ వేయించకూడదు. ఘాటు గొంతుకి పడదట! మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో ఇదేం కోరికో! పెద్దమ్మ సణుక్కుంటూనే ఆ పూటకి చప్పిడి పెసరపప్పు వండి పెట్టేది.

ఆయన కేక వెనకాల ఎంతమంది మేయర్లు నడిచారో! ఒక డాక్టరు గారు ఉండేవారు, ఫైలు అందిస్తే ముందు అందించినవాడి నాడి చూసేవారు. ఒకాయన వాస్తు పేరు చెప్పి కుర్చీని తూర్పుకి తిప్పించారు, తర్వాతాయన ఉత్తరానికి తిప్పించారు. రెండుసార్లూ మోసింది మా పెద్దనాన్నే. ఇంకొకాయన మొదటిరోజు ఆ కేకకి జడుసుకుని చెప్పు జారవిడుచుకున్నారట. "వచ్చేటప్పుడు కేక ఉంటదమ్మాయ్, పోయేటప్పుడు ఎవరి చెప్పులు వాళ్ళే ఎతుక్కోవాలి" అనేవారు పెద్దనాన్న, నవ్వుతూ.

తర్వాత ఎన్నికలు ఆగిపోయాయి. కోర్టు కేసులన్నారు, వార్డుల విభజన అన్నారు. ఏళ్ళ తరబడి ఊరికి మేయరే లేకుండా పోయాడు, అంతా అధికారులే నడిపించారు. పెద్దనాన్న మాత్రం రోజూ పొద్దున్నే ఆ గది తాళం తీసి, కుర్చీ తుడిచి, కిటికీలు తెరిచి, మళ్ళీ తాళం వేసేవారు. ఆయనకి ఒకటే దిగులు, రిటైరయ్యేలోపు ఇంకొక్క మేయరుకి కేక వేయగలనా అని. వేయలేకపోయారు. బిళ్ళ అప్పగించి ఇంటికొచ్చిన రోజు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఎన్నికలు వచ్చిపడ్డాయి! "దేవుడు గడియారం చూసుకోడేమోనమ్మాయ్" అన్నారు, కిటికీ వైపు తిరిగి.

ఆసారి మేయరు పదవి మహిళలకి రిజర్వయింది. ఎన్నికైంది ఎవరనుకున్నారు? మా పక్కవీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ! నా జాకెట్లన్నీ ఆవిడ చేతివే. మురుగుకాలవ కోసం అర్జీ పట్టుకుని ఆ ఆఫీసు వరండాలో ఎన్నిసార్లు నిలబడిందో లెక్కలేదు. మా వీధులు రెండూ ఎగిరి గంతేశాయి. పెద్దనాన్న వెంటనే తన పాత సూపరింటెండెంటు గారి దగ్గరికి పరిగెత్తారు. "ఒక్కరోజండీ. మొదటి మీటింగుకి నేను కేకేస్తానండీ" అని బతిమాలారు. "రిటైరైనాక డ్యూటీ ఏంటండీ! గ్యాలరీ పాసులిస్తాను, కూర్చుని చూడండి" అన్నారాయన.

రెండో పాసు మీద నేను వెళ్ళాను. పెద్దనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పట్టీ లేని భుజాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నారు. మంచి సీజను, రోడ్డు మీద మిర్చి బస్తాలతో లారీలు బారులు తీరాయి, హాలు కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. పెద్దనాన్న స్థానంలో చేరినతను గుమ్మంలో ఆగి నోరు తెరిచాడు. తుమ్మాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ తుమ్మాడు. హాల్లో ఎవరూ లేవలేదు, సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. చీరాల నేత చీర కట్టుకుని గుమ్మం అవతల ఆవిడ, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడిపోయింది. నా పక్క కుర్చీ కిర్రుమంది. నేను చొక్కా పట్టుకుని లాగేలోపే వచ్చేసింది.

"గౌరవ మేయరు గారు విచ్చేస్తున్నారు!"

గ్యాలరీలోంచి! అబ్బ, ఏం కేకండీ అది! హాలంతా ఒక్కసారిగా లేచింది. కమిషనరు గారు లేచారు, సూపరింటెండెంటు గారూ లేచారు, పాపం. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క మేయరు గారు తప్ప. ఆవిడ ఆ కేక వినగానే గబుక్కున గుమ్మం పక్కకి తప్పుకుని, చేతులు జోడించి, వెనక్కి తిరిగి చూస్తూ నిలబడింది. మేయరు గారు వస్తున్నారంటే దారివ్వాలి కదా మరి! వరండాలో అన్నేళ్ళు నిలబడ్డ అలవాటు.

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దనాన్న మాత్రం నవ్వలేదు. కమ్మీ పట్టుకుని ముందుకి వంగి, అంత గొంతునీ తగ్గించుకుని, "ఎనకాల ఎవరూ లేరమ్మా. మేయరు గారు మీరే. లోపలికి రండి" అన్నారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని గడప దాటింది. నేను ఏడుస్తూ నవ్వుతూ అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. ఆ మధ్యాహ్నం పెద్దనాన్న ఇంటికొస్తూనే, "ఏమేవ్, గోంగూర నూరు, మిరపకాయలు దండిగా ఎయ్!" అని పెద్దమ్మకి కేకేశారు.

మొన్న దించిన ఫ్లెక్సీ ఆవిడదే. జనంలో నన్ను చూసి దగ్గరికొచ్చి, "మీ జాకెట్టు గుడ్డ నా దగ్గరే ఉండిపోయిందండీ, ఇక కుట్టేస్తాను" అంది, భారం దిగినదానిలా నవ్వుతూ. పెద్దనాన్న ఇప్పుడు లేరు, పెద్దమ్మా లేదు. ఇంట్లో ఏ శుభకార్యమొచ్చినా "పెద్దవాళ్ళని అడుగుదాం" అంటూ అందరూ నా వైపు తిరుగుతారు. నేనూ పక్కకి తప్పుకుని వెనక్కి చూస్తాను. ఎన్నేళ్ళు ఎంతమందికి దారిచ్చినా, ఒకరోజు వెనక ఎవరూ ఉండరు, మన వంతు వచ్చేసి ఉంటుంది.