రామకోటి మూగనోము

తెనాలి రైల్వే స్టేషన్ ఎదుటి సందులో రామకోటి టిఫిన్ హోటలు ఉంది. అందులో ఏమేం దొరుకుతాయో బోర్డు మీద రాసి ఉండదు, గోడ మీదా ఉండదు. ఆ పట్టీ అంతా రామకోటి నోట్లో ఉండేది. మనిషి వచ్చి బల్ల ముందు కూర్చోవడం ఆలస్యం, భుజం మీది తుండు సర్దుకుని "ఇడ్లీ, గారె, పూరీ, పెసరట్టు, ఉప్మా, మైసూరు బజ్జీ" అంటూ అందుకునేవాడు. వినేవాడికి నోరూరేది. చెప్పేవాడికి కడుపు నిండేది.

అయితే అందరికీ ఒకేలా చెప్పేవాడు కాదు. రేపల్లె బండి కోసం మాటిమాటికీ గడియారం చూసుకునేవాళ్ళ ముందు దోశ పేరెత్తడు. దోశ కాలేలోపు బండి వెళ్ళిపోతుంది మరి. బాపట్ల కాలేజీకి పోయే కుర్రాళ్ళకు మొదట పూరీ, ఆ తర్వాతా పూరీయే. పొట్ట పట్టుకుని వచ్చినవాడికి ఇడ్లీతో మొదలుపెట్టి ఇడ్లీతోనే ముగించేవాడు. కొన్ని దాటవేసేవాడే గాని, లేనిది ఉందని, ఉన్నది లేదని మాత్రం ఆ నోట ఎన్నడూ రాలేదు. రామకోటికి ఉన్న గర్వమల్లా అదొక్కటే. ఆ ఒక్కదాని గురించే గంటసేపు చెప్పగలడు.

అలాంటి గొంతు బొంగురుపోయింది. పోయినది ఎంతకీ తిరిగి రాలేదు. గుంటూరులో డాక్టరు లైటు వేసి చూసి, గొంతులో కాయలు కట్టాయనీ, నెల్లాళ్ళు నోరు మెదపకూడదనీ, గుసగుసలు కూడా పనికిరావనీ చెప్పాడు. "మాట్లాడారో, ఉన్న గొంతు కూడా పోద్ది. మాట్లాడకపోతే తిరిగొస్తుందనే అనుకుందాం" అన్నాడు. ఆ 'అనుకుందాం' అన్న మాట దగ్గర రామకోటి గుండె జారిపోయింది.

"ఇన్నాళ్ళకి ఈయన నా మాట వినే యోగం పట్టింది" అని బస్సులో భార్య పున్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తెనాలి వచ్చేలోపు అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఎదురుగా సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న వాసిం వచ్చి ధైర్యం చెప్పాడు. "దీనికింత దిగులేంటి బాబాయ్? బల్లకో క్యూఆర్ కోడ్ అంటిద్దాం. ఫోన్ పెడితే మెనూ అంతా వచ్చేస్తది. నువ్వు హాయిగా గల్లాపెట్టె దగ్గర కూర్చో."

తన నోటికి బదులు నల్లగళ్ళ కాగితం ముక్క! రామకోటి తుండు విసురుగా దులిపాడు. దులిపి మాత్రం ఏం చేస్తాడు, హోటలు నడవాలి కదా.

వాసిం చూపించిన మొదటి యాప్ నిండా బొమ్మలే. పెసరట్టు పేరు కింద ఏదో పచ్చరొట్టె, దాని మీద స్ట్రాబెర్రీ పండు. రామకోటి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. రెండోది మాట్లాడే యాప్. కోడ్ మీద ఫోన్ పెట్టగానే ఒక ఆడగొంతు "మీ కోసమే, వేడి వేడి ఇడ్లీ" అంటూ గారాలు పోయింది. వంటింట్లోంచి పున్నమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఎవరామె?"

"మిషన్ పిన్నీ."

"మిషనైతే మిషన్‌లాగే మాట్లాడమను."

దాంతో రెండోదీ పోయింది. మూడోదాంట్లో బొమ్మల్లేవు, గొంతు లేదు. శుభ్రంగా తెలుగులో పేర్లు మాత్రం ఉన్నాయి. రామకోటి తలూపి పిండి రుబ్బించుకోవడానికి వెళ్ళిపోయాడు. హోటల్లో చేసేవన్నీ పున్నమ్మ ఒక్కటీ వదలకుండా చెబితే, వాసిం ఒక్కటీ వదలకుండా ఎక్కించాడు. కొంప మునిగింది అక్కడే.

మర్నాడు పొద్దున మామూలుగా గొడుగుతో గార్డుగారు వచ్చారు. ఆయన పేరు జనార్దనరావు. గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా చివరి పెట్టెలో కూర్చుని బయటికి చూస్తూ గడిపిన మనిషి కనుక హోటల్లోనూ గుమ్మం దగ్గరి బల్లే, వీధి వైపే మొహం. వెనక ఎవరేం తింటున్నారో ఆయనకు పట్టదు. ఆయన కోడ్ మీద ఫోన్ పెట్టి, కళ్ళజోడు సవరించుకుని ఇడ్లీ, గారె, పూరీ దాకా మామూలుగానే చదివారు. ఇంకా కిందికి జరిపి ఆగిపోయారు.

"రవ్వ కేసరా! ఏమయ్యా రామకోటీ, నీ హోటల్లో కేసరి ఎప్పట్నుంచి?"

పక్క బల్ల దగ్గరున్న ఆటో డ్రైవర్ జార్జి ఉపకారబుద్ధి గలవాడు. "మొదట్నుంచీ ఉందండి. జీడిపప్పు కూడా బాగానే వేస్తారు" అన్నాడు.

"మొదట్నుంచీనా! ఆ వాసన పక్క స్వీటు కొట్టుదనుకున్నానయ్యా ఇన్నేళ్ళూ! నాకొక్కసారన్నా చెప్పలేదేం? నేనేం పాపం చేశాను?"

గార్డుగారికి సుగరు. ఎప్పుడో ఆయన భార్య కావేరమ్మ కూరగాయల సంచీతో గుమ్మంలో నిలబడి, "అన్నయ్యగారూ, ఆయన కంటబడినదాన్నయినా వదిలేస్తారు గాని చెవినబడినదాన్ని వదలరు. ఆయన ముందు తీపి పేరెత్తకండి" అని బతిమాలింది. రామకోటి ఎత్తలేదు. ఇప్పుడా సంగతి చెబుదామంటే నోరు లేదు, రాసి చూపించాలని ఆ కంగారులో తట్టలేదు. తల మీద కొంగు కప్పుకున్నట్టు చూపించాడు. చేతిలో సంచీ ఉన్నట్టు నడిచాడు. గార్డుగారి వైపు వేలు చూపించి, చేతులు జోడించాడు. గార్డుగారికి ఏమీ అర్థం కాలేదు. జార్జికి మాత్రం ఇంకేదో అర్థమై "ఎవరండీ ఆమె?" అని ఆశగా అడిగాడు.

గార్డుగారు కోపం కొద్దీ ఒక ప్లేటు కేసరి తిన్నారు. అది బాగున్నందుకు ఇంకో ప్లేటు తిన్నారు. సాయంత్రానికి కళ్ళు తిరిగి ఆసుపత్రిలో చేరారు.

"గండం గడిచింది లెండి. అన్నయ్యగారి తప్పేం లేదు" అని కావేరమ్మ ఫోన్ చేసి చెప్పినా రామకోటికి ముద్ద దిగలేదు. తన గొంతు కోసం నోరు మూసుకుంటే గార్డుగారి ప్రాణం మీదికి వచ్చింది. ఖాళీ కేసరి గిన్నె పట్టుకుని వాసిం కొట్టుకు వెళ్ళి, దాన్ని బల్ల మీద బోర్లించాడు.

"తీసేయాలా? తీసేస్తే అందరికీ పోద్ది బాబాయ్. గార్డుగారొక్కరికే కనపడకుండా చేసే యాప్ ఇంకా ఎవరూ కనిపెట్టలా" అన్నాడు వాసిం.

రామకోటి కదల్లేదు. గిన్నె తిప్పి నిలబెట్టాడు, మళ్ళీ బోర్లించాడు. వాసిం బుర్ర గోక్కుని ఫోనంతా గాలించి చివరికి ఒక యాప్ పట్టాడు. అందులో ప్రతి పేరు పక్కనా 'అయిపోయింది' అనే మీట ఉంది. ఇక్కడ నొక్కితే బల్ల దగ్గర ఆ క్షణమే అయిపోతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ వస్తుంది. రామకోటి వాసింను పట్టుకుని కౌగిలించుకున్నాడు. గార్డుగారి గొడుగు సందు మొదట్లో కనపడగానే నొక్కే బాధ్యత పున్నమ్మది.

గార్డుగారు కోలుకుని మళ్ళీ వచ్చేసరికి రామకోటి నెల్లాళ్ళ గడువు తీరిపోయింది. ఇక మాట్లాడి చూసుకోవచ్చని డాక్టరు చెప్పాడు కూడా. రామకోటే నోరు తెరవలేదు. తెరిస్తే రాదని తేలిపోతుందేమోనని భయం.

గార్డుగారు కాస్త చిక్కారు. కూర్చుని, కోడ్ మీద ఫోన్ పెట్టి, ఇడ్లీ మీదుగా సరాసరి కిందికి వెళ్ళారు. కేసరి, అయిపోయింది. సరిగ్గా అప్పుడే వెనక బల్ల మీద పున్నమ్మ జార్జి ముందు నేతి కేసరి ప్లేటు పెట్టింది. ఆ వాసన వీధి దాకా వెళ్ళింది.

గార్డుగారు ఫోన్ బోర్లించారు. "ఈ మిషన్ను నమ్మను రామకోటీ. నీ నోటితో చెప్పు, నమ్ముతాను. కేసరి ఉందా, లేదా?"

ఉన్నది లేదని ఎన్నడూ అనని నోరు అది. రామకోటి దాన్ని తెరిచాడు. ముందు ఉత్త గాలి వచ్చింది. తర్వాత గరగరమని, విరిగి విరిగి, మాట వచ్చింది.

"అయిపోయిందండి."

వంటింటి గుమ్మంలో పున్నమ్మ చేతిలో గరిటె కింద పడింది. గార్డుగారు ఆ హోటల్లో మొదటిసారి వెనక్కి తిరిగారు. జార్జి గబుక్కున ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. గార్డుగారు ఆ చేతిని చూశారు, రామకోటిని చూశారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"గొంతొచ్చిందయ్యా నీకు" అన్నారు. "సరే, ఉన్నవి చెప్పు."

రామకోటి తుండు సర్దుకున్నాడు.

"ఇడ్లీ అండి."

"ఇంకా?"

"ఇడ్లీయేనండి."

గార్డుగారు మళ్ళీ వీధి వైపు తిరిగి కూర్చున్నారు. "అయితే రెండు పట్రా" అన్నారు.