పోసవ్వ ఇంటివాళ్లను నేనడిగిన ప్రశ్న

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, వానాకాలం మొదట్లో నన్ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్, పని జనరల్ ఫిజీషియన్‌ది. సాయంత్రాలు బస్టాండు దగ్గర సొంత క్లినిక్ నడిపేవాణ్ని.

పోసవ్వ ఆ క్లినిక్‌కే వచ్చింది. యాభై దాటిన బీడీ కార్మికురాలు. వెంట భర్త రాజయ్య, కూతురు సుజాత ఉన్నారు. ముప్పై ఏళ్లుగా చేతివైపు చూడకుండానే బీడీలు చుట్టిన మనిషి. నెల రోజులుగా ఆమె కట్టలను కార్ఖానావాళ్లు తిప్పి పంపుతున్నారట. "దారం కట్టుడు మర్చిపోతున్నది సార్" అంది సుజాత. నేను ఏదో బెంగ అనుకుని నిద్రమాత్రలు రాశాను. సిగ్గుపడే విషయమే, చెప్పక తప్పదు.

మూడు వారాలకు గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా ఉలిక్కిపడుతోంది. కూతురి పేరు చెప్పలేకపోయింది. అప్పుడు నాకు ప్రయాన్ రోగమేమోనన్న అనుమానం వచ్చింది. దీనికి క్రిమి లేదు, వైరస్ లేదు. మెదడులోని ఒక ప్రోటీన్ మడత తప్పి, పక్కనున్న వాటి మడతలనూ తప్పిస్తుంది. గొర్రెలకు, ఆవులకు, మనుషులకు వేర్వేరు రూపాల్లో వస్తుంది. మందు లేదు. విదేశాల్లో రోగమున్న ఆవుల మాంసం, మెదడు తినడం వల్ల కొందరికి సోకిందని చదివి ఉన్నాను కనుక, ఎందుకో చెప్పకుండానే అడిగేశాను, భేజా, అంటే మెదడు కూర, తింటుందా అని.

"ఐతారం ఐతారం నేనే తెస్త సార్, మేక భేజా. అదంటే ఆమెకు పానం" అన్నాడు రాజయ్య. అదే చీటీలో రాసి హైదరాబాద్ పంపాను.

పరీక్షలన్నీ అయ్యాక అక్కడి న్యూరాలజిస్టు ఫోన్ చేశాడు. రోగం నేననుకున్నదే. కానీ తిండితో సంబంధం లేకుండా, చాలా అరుదుగా, దానంతటదే వచ్చే రకం. నేను ఇంటివాళ్లకు ఆమె బతకదని, దగ్గరుండి చేసేవాళ్లకు అంటుకోదని మాత్రం చెప్పాను. దసరా రాకముందే పోసవ్వ చనిపోయింది.

మరుసటి ఏడు రాజయ్య బీపీ మాత్రల కోసం ఒక్కడే వచ్చాడు. గాంధారిలో చెల్లెలింట్లో ఉంటున్నాడట. కూతురు గడప తొక్కనివ్వడం లేదు. లేచి వెళ్లబోతూ ఆగాడు.

"గా భేజా నా చేతులతోనే తెచ్చిపెట్టిన గద సార్. నేనే సంపిన్నా?"

కాదని గట్టిగా చెప్పాను. మర్నాడు సుజాతను పిలిపించి, భేజాకూ ఆమె తల్లి రోగానికీ సంబంధం లేదని చెప్పాను.

"మరి గప్పుడెందుకడిగిన్రు సార్? ఏడాది సంది బాపుతోని మాట్లాడలే నేను."

ఆ వారమే వెళ్లి తండ్రిని తెచ్చుకుంది. రాజయ్య ఇంటికైతే వచ్చాడు గానీ, నేను ఓదార్చడానికే అలా చెప్పాననుకున్నాడు. చనిపోయేదాకా మాంసం ముట్టలేదని సుజాతే తర్వాత చెప్పింది.

సర్వీసులో మిగిలిన ఏళ్లలో, రోగం తేలాక ఇంటివాళ్లను మళ్లీ కూర్చోబెట్టి, నేనడిగిన వాటిలో ఏవి కారణం కావో ఒక్కొక్కటే చెప్పేవాణ్ని. కేసు షీటులో దానికి గడి ఉండదు. చెప్పినట్టు వెనుక పేజీలో తేదీ వేసి రాసుకునేవాణ్ని.