టేకు తోటలో ఇంటికో వరుస

మొన్న ఇంటికి కొత్త తలుపు చేయించుకుందామని నిజామాబాద్‌లో ఒక కోత మిల్లుకు వెళ్లాను. రంపం కింద టేకు దుంగ రెండుగా విడిపోగానే గుప్పున ఆ వాసన వచ్చింది. పాత తోలుకు నూనె రాస్తే వచ్చే వాసన లాంటిది. మిల్లు ఆయన కొలతలు అడుగుతుంటే నేను పిడికెడు రంపపు పొట్టు ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయాను. “గట్ల వాసన జూస్తే ముక్కులకు వోతది మేడం” అన్నాడు. పోతే పోనీ. మా సుశీల మేడం అచ్చం ఇలాగే చేసేవారు. ఎక్కడ టేకు కోసినా పరుగెత్తుకెళ్లి వాసన చూసేవారు, ఆ తర్వాతే కాగితాల సంగతి.

నాకు అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చి సిరికొండ వైపు వేసినప్పుడు ఆమె నా పై అధికారి, డిప్యూటీ రేంజర్. పట్నంలో బీడీలు చుట్టే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. గుట్ట ఎక్కేటప్పుడు ఆయాసం ఆగేది కాదు, మాటా ఆగేది కాదు. నేనేమో చందూర్ దగ్గరి చెరుకు రైతు బిడ్డను. మా ఇంట్లో మంచి తోట అంటే మనిషి దూరడానికి సందు లేని తోట. అందుకే గుట్ట వాలులో ఒత్తుగా పెరిగిన టేకు తోటను చూసి మొదటి రోజే మురిసిపోయాను. “ఎంత మంచిగున్నది మేడం, మా చెరుకు లెక్క” అన్నాను. “గదే దీని రోగం” అన్నారు ఆమె. అని ఊరుకోలేదు. భుజం మీది తువ్వాలు ఎండుటాకుల మీద పరిచి, యూనిఫాంతోనే వెల్లకిలా పడుకుని, “నువ్వు గూడ పండుకో, చెరుకు పిల్లా” అన్నారు. కొత్త యూనిఫాం, నిన్ననే ఇస్త్రీ చేయించినది. ఒళ్లు మండింది గానీ పడుకున్నాను.

“మొదళ్లు జూసి మురువకు. మీద జూడు. ఒకదాని కొమ్మ ఇంకోదాని కంట్లె పొడుస్తలేదా?” నిజమే, పైన ఆకాశం కనబడితే ఒట్టు. వెలుగు కోసం ఒకదాన్ని మించి ఒకటి పైకి పోతున్నాయి, మొదలు లావెక్కే తీరిక దేనికీ లేదు. కింద వేళ్లన్నీ అదే గుక్కెడు తేమ కోసం కొట్లాడుతున్నాయి. వానలు బాగా పడ్డన్నాళ్లూ నెట్టుకొస్తాయి, ఒక్క ఏడు ఎండగొడితే అన్నీ కలిసి నీరసిస్తాయి. అందుకని కొన్నింటిని తీసి తోటను పలచన చేయాలి. ఏవి తీయాలో నేల మీద నిలబడి మొదళ్లు చూస్తే తెలియదు, పైన ఎవరు ఎవరి మీద పడుతున్నారో చూడాలి. ఆ పూటంతా మేము తోటలో దొర్లుతూ గడిపాం. ఉద్యోగం ఇంత సరదాగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

సరదా మర్నాటికే తీరిపోయింది. ఆ తోటను నాటింది ఊరివాళ్లే, మేకల నుంచి కాపాడిందీ వాళ్లే. నాటిన రోజే ఇంటికో వరుస పంచుకున్నారట. మేం తీయాల్సిన చెట్లకు తెల్ల రంగుతో గుర్తులు పెడుతుంటే వన సంరక్షణ సమితి పెద్ద గంగవ్వ నడుముకు కొంగు చుట్టుకుని వచ్చింది. ఆమె వరుస పల్లపు నేలలో ఉంది, అక్కడ చెట్లు మరీ ఒత్తు. గుర్తులూ అక్కడే ఎక్కువ పడ్డాయి.

“మా వరుసల గిన్ని గొట్టి, పక్క వరుసల ఒక్కటా? గిదేం ఇన్సాఫ్ మేడం? కొడితె ఇంటికింత సమానంగ కొట్టుండ్రి. లేకుంటె ఒక్క గొడ్డలి లోపలికి రాదు.”

“చెట్లకు ఏ ఇంటి వరుసనో ఎర్కనా?” అని నేను గయ్యిమన్నాను. మేడం నన్ను మోచేత్తో పొడిచి, గంగవ్వను తాగడానికి నీళ్లు అడిగారు. తాగి, మూతి తుడుచుకుని, తాపీగా చెప్పారు: “సగం తోట నీ లెక్కన చేద్దాం, సగం నా లెక్కన. వచ్చే దసరకు సూద్దాం. ఎవలది మంచిగుంటె మిగిలిన పని వాళ్ల లెక్కనే. కట్టె మాత్రం ఏ వరుసదైన అందరికి సమానం. చెట్టు కాడ సమానం జూడకు అక్కా, కట్టె కాడ జూడు.”

గంగవ్వ ఖాళీ చెంబు అందుకుంది. “మీది చెడిపోతె మల్ల మా తోటల కాలు పెట్టద్దు. మేం కాపలా గూడ బంద్ జేస్తం” అంది. మేడం సరేనన్నారు. కాపలా ఆగితే ఒక్క ఎండాకాలంలో మేకలు, మంటలు కలిసి ఆ తోటను మింగేస్తాయి. ఈ సగం సగం పందేనికి పై అధికారులను ఒప్పించడానికి ఆమె ఎన్నిసార్లు తిరిగారో పక్కనున్న నాకు తెలుసు.

మొదటి గాలివానకే మేడం లెక్కన తీసిన సగంలో కొన్ని చెట్లు విల్లులా వంగిపోయాయి. గుంపులో ఒకదానికొకటి ఆనుకుని పెరిగినవి కదా, ఒంటరిగా గాలికి ఎదురు నిలవడం వాటికి కొత్త. పైగా బోదెల నిండా చిగుళ్లు పొడుచుకొచ్చాయి. అనుకోకుండా ఎండ తగిలితే టేకు అలా చేస్తుంది. ఊళ్లో ఒకటే నవ్వులు, మేడం చెట్లకు గడ్డాలు మొలిచినయని. ఆమె కూడా నవ్వారు గానీ, జీపు ఎక్కాక మెల్లగా అన్నారు: “ఆ మూలకు జర ఎక్కువనే తీసిన్నేమో పిల్లా. నాకు బుగులైతున్నది.” ఆమె నోట భయం అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు గౌరవం పోయి ప్రేమ మొదలైంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. రుద్రూర్ నుంచి మా ఊరిదాకా చెరుకు ఆకులు చుట్టుకుపోయాయి, మా బాపు ఫోన్ చేసినప్పుడల్లా ఆకాశాన్నే తిట్టేవాడు. బతుకమ్మ పూల కోసం ఆడవాళ్లు గుట్టకు వచ్చిన రోజు మేడం, నేను కూడా రంగు డబ్బాతో వెళ్లాం. సమానంగా కొట్టిన సగంలో ఒకచోట ఖాళీ, ఒకచోట గుంపు. గుంపులన్నీ అప్పుడే ఆకు రాల్చేసి, తలలు ఎండి నిలబడ్డాయి. నీళ్లు చాలనప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి టేకు చేసే పని అది. గట్టు దాటి రెండో సగంలోకి అడుగు పెట్టాం. పచ్చగా ఉంది. చేటంత ఆకులు, అన్నీ చెట్టు మీదే. వంగినవాటిలో కూడా చాలావరకు లేచి నిలబడ్డాయి. ఏడుపొచ్చింది నాకు, సంతోషంతో.

గంగవ్వ పూల గంప దించి, నా చేతిలోంచి రంగు డబ్బా గుంజుకుని, తన లెక్కన కొట్టించిన సగంలోకి తిరిగి వెళ్లింది. నేల మీద వెల్లకిలా పడుకుంది. లేచి తన వరుసలోనే మూడు చెట్లకు గుర్తు పెట్టింది. “మా దాంట్ల గూడ ఒకటి పెట్టు గంగవ్వా, లేకుంటె మంచిగుండది” అని పక్కింటామె మొహమాటపడింది. “నీ చెట్లకు జాగ ఉన్నది, ఊకో” అంది గంగవ్వ. మేడం పడీపడీ నవ్వారు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

ఆ తర్వాతి ఏడు ఆమెకు బదిలీ అయింది. పోయే రోజు అడిగాను, గంగవ్వ అన్నేసి మాటలంటే కోపం రాలేదా అని. “నాకు పానం లేచొచ్చింది పిల్లా. కొట్లాడెటోళ్లు లేని తోటను మనమొక్కలం కాపాడలేం” అన్నారు.

ఇప్పుడు నేనూ డిప్యూటీ రేంజర్‌ను. పోయిన నెల ఒక ఊళ్లో గుర్తులు పెట్టడానికి వెళ్తే ఒక్కరూ ఇటు రాలేదు. సిబ్బంది రంగు కలిపేశారు, మొదలుపెడదామన్నారు. నేను వద్దని చెప్పి ఎవరిదో అరుగు మీద కూర్చున్నాను. చాయ్ తాగాను, ఇంకోటి తాగాను. పొద్దు నెత్తి మీదికి వచ్చాక ఒక ముసలాయన కర్ర పట్టుకుని విసవిసా వచ్చాడు. “ఎవలనడిగి కొడ్తుండ్రు మా చెట్లు?” అని గద్దించాడు.

నా ప్రాణం లేచొచ్చింది. “నిన్నే అడుగుదామని కూసున్న బాపు” అన్నాను.