చల్లారిన ఇంజిన్ చెప్పిన మాట

మా ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఒకే లారీ నడుపుతున్నారు. పొద్దున్నే బండెక్కి, చలికి అద్దాలు బిగించుకుని, అరగంట ఇంజిన్ వేడి చేస్తేగాని కదలరు. "పసిపిల్లను లేపీ లేపగానే పరిగెత్తిస్తామా?" అంటారు. ఆ అరగంటలో నేను వంట ముగించి, ఇల్లు ఊడ్చి, ఆయన్ను రెండుసార్లు తిట్టుకుంటాను కూడా.

ఆ చలికాలం ఆయనకు తలనొప్పి పట్టుకుంది. బయలుదేరిన గంటకే కళ్ళు మూతలు పడేవి. డాక్టరు పరీక్షలు చేయించి అన్నీ బాగున్నాయన్నాడు. కళ్ళజోడు మార్చాం. ఒకరోజు మలుపులో కునుకు పట్టి బండి రోడ్డు దిగిపోయింది. దెబ్బలేమీ తగల్లేదు గాని నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "వయసు మీద పడింది, ఇక చాలు, బండి అమ్మేయండి" అన్నాను. రోజుకు పదిసార్లు అన్నాను. నా మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి తనే వెళ్ళి బేరం మాట్లాడొచ్చారు. కొనేవాడు ఆదివారం వస్తానన్నాడు.

అమ్మేముందు ఒకసారి చూపిద్దామని, నాకు అన్నయ్య వరసయ్యే మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్ళాం. చప్పుడు విని రోగం చెబుతాడని అందరూ అతన్ని చెవుల మేస్త్రి అంటారు. అతను బానెట్టైనా ఎత్తలేదు.

"వేడి బండి అబద్ధాలాడుతుంది, బావా. ఇక్కడే వదిలెయ్. రేపు పొద్దున నేను చెప్పకుండా తాళం తిప్పావంటే నీకూ నాకూ చెడుతుంది."

మర్నాడు చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయించాడు. పక్కనుంచి టిక్కుటిక్కుమంటూ సన్నటి చప్పుడు. తడిగుడ్డతో పొగగొట్టం మూతిని కాసేపు అదిమిపట్టి, నన్ను సబ్బునీళ్ళు చల్లమన్నాడు. గొట్టం ఇంజిన్‌ను అంటుకునే చోట బుడగలు లేచాయి.

"కాగితే ఇనుము ఉబ్బి ఈ సందు మూసుకుంటుంది. అందుకే ఎవడికీ దొరకలేదు" అన్నాడు. తర్వాత క్యాబిన్‌లో గేరు రాడ్డు చుట్టూ చిరిగిన రబ్బరు చూపించాడు. "అద్దాలు బిగించుకుని అరగంట ఇక్కడే కూర్చుంటావు కదా బావా? ఈ చిరుగులోంచి వచ్చే పొగంతా నువ్వే మింగుతున్నావు. ఏనుక్కైనా కునుకొస్తుంది."

ఆ అరగంట వద్దని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నానని అరవబోయాను. కాని వయసు, వయసు అని ఆయన్ను పొడిచింది నేనే. సిగ్గేసింది.

గొట్టాన్ని ఇంజిన్‌కు బిగించే బోల్టుల్లో ఒకటి తుప్పుపట్టి విరిగింది; అది ఊడి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మేస్త్రి వంగిన అంచును ఆకురాయితో చదును చేసి, సందు మూసే కొత్త గాస్కెట్ పెట్టి, మధ్య బోల్టు నుంచి అటూ ఇటూ కొంచెం కొంచెంగా బిగించాడు. ఇంజిన్‌ను కాచి, చల్లార్చి, మళ్ళీ బిగించాడు. రబ్బరూ మార్చాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టావు" అన్నారు మా ఆయన.

"ఆ ఎలుకే నిన్ను మింగబోయింది, బావా."

ఆదివారం లోపే సంగతి తేలాలని మరుసటి రోజు నేనూ బండెక్కాను. రెండు నిమిషాలకే కదిలించారు. గంట గడిచాక అడిగాను.

"తల నొప్పిగా ఉందా?"

"లేదు."

ఎత్తు రోడ్డు మొదలయ్యాక మళ్ళీ అడిగాను. లేదన్నారు. రెండు గంటలు దాటాక మూడోసారి అడిగితే బండి పక్కకు తీసి ఆపేశారు. విసుక్కుంటారేమో అనుకున్నాను. చూస్తే ఆయన కళ్ళు నిండి ఉన్నాయి.

"మళ్ళీ అడుగు" అన్నారు.